పచ్చిక కోసే రోబో కొనే ముందు ఒకసారి మన ఆవరణ వంక చూద్దాం

గత నెలలో నెల్లూరు శివార్లలో ఉన్న మా అక్కగారింటికి వెళ్లినప్పుడు, వసారా మూలలో పాత దుప్పటి కప్పిన ఒక వస్తువు కనిపించింది. అది ఏడాది కిందట మా బావగారు ఎంతో ఇష్టపడి తెప్పించుకున్న, పచ్చిక కోసే రోబో. అది ఎందుకు మూలన పడిందని అడిగితే ఆయన చెప్పిన సమాధానం నా మనసులో నుంచి పోవడం లేదు. "అది తిరిగేదాని కంటే నేను దాన్ని మోసేదే ఎక్కువగా ఉండాది రా" అన్నారు. అరవై ఐదేళ్ల మనిషి, నడుము నొప్పి వల్ల గడ్డి కోసే పని తప్పించుకుందామని పెద్ద మొత్తం పెట్టి కొన్న యంత్రాన్ని, రోజుకు మూడు నాలుగుసార్లు మామిడిచెట్టు కింద నుంచి ఎత్తుకొచ్చి ఎండలో పెట్టాల్సి వచ్చిందంటే నాకు చాలా బాధ కలిగింది. ఈ పోస్టు రాయడానికి కారణం ఆ బాధే.

జరిగిందేమిటో వివరంగా చెబుతాను. వాళ్లింటి పచ్చిక దాదాపు 60 అంకణాలు. మన లెక్కలో అంకణానికి 72 చదరపు అడుగులు కనుక, అది సుమారు 400 చదరపు మీటర్లు అవుతుంది. అమ్మిన వ్యక్తి అడిగిన ప్రశ్న ఒక్కటే, "ఎన్ని అంకణాలు సార్?" అని. 500 చదరపు మీటర్లకు సరిపోతుందని పెట్టె మీద రాసి ఉన్న యంత్రాన్ని చూపించి, ఇది మీకు చాలినంత కంటే ఎక్కువేనని చెప్పి ఇచ్చి పంపాడు. ఆ ఆవరణలో రెండు పెద్ద మామిడిచెట్లు ఉన్నాయనీ, తూర్పు గోడ వెంట ఎనిమిది కొబ్బరిచెట్లు వరుసగా ఉన్నాయనీ, పడమర పక్కన పొరుగువారి మూడంతస్తుల మేడ నిలబడి ఉందనీ ఆ అమ్మిన వ్యక్తి తెలుసుకోలేదు, వచ్చి చూడలేదు. ఇచ్చిన యంత్రమేమో ఉపగ్రహాల సంకేతాలతో దారి తెలుసుకునే రకం. పైన ఆకాశం కనిపించని చోట దానికి తానెక్కడ ఉన్నదీ తెలియదు, తెలియకపోతే ఆగిపోతుంది. అది దాని లోపం కాదు, దాన్ని తయారుచేసిన తీరే అది. తప్పు యంత్రానిదీ కాదు, మా బావగారిదీ కాదు. ఆవరణను చూడకుండా వైశాల్యం అంకెను మాత్రమే చూసి ఈ యంత్రాలను అమ్మే పద్ధతిదే తప్పు అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ అంకె గురించే ముందు మాట్లాడాలి, ఎందుకంటే అందరూ మోసపోయేది అక్కడే. పెట్టె మీద రాసే వైశాల్యం, చదునుగా, అడ్డంకులు లేకుండా ఉన్న పచ్చిక మీద యంత్రం రోజులో చాలా గంటలు తిరుగుతూ, ఛార్జింగ్‌కు వెళ్లి వస్తూ ఉంటే కోయగలిగిన వైశాల్యం. మన దగ్గర అన్ని గంటలు ఎక్కడ దొరుకుతాయి? ఈ యంత్రాలు పుట్టింది చల్లని దేశాల్లో. స్వీడన్‌కు చెందిన హస్క్‌వర్నా సంస్థ 1995లో సౌరశక్తితో నడిచే సోలార్ మోవర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అక్కడ వేసవిలో పొద్దు చాలాసేపు ఉంటుంది, ఎండ చల్లగా ఉంటుంది. నెల్లూరులో ఏప్రిల్, మే నెలల్లో పదకొండు గంటల నుంచి నాలుగు గంటల దాకా యంత్రాన్ని బయట తిప్పడం దాని బ్యాటరీకి మంచిది కాదు. రాత్రిపూట తిప్పకూడదు, దానికి కారణం తర్వాత చెబుతాను. పిల్లలు ఆడుకునే సాయంత్రం అసలే కూడదు. అవన్నీ తీసేస్తే రోజుకు నాలుగైదు గంటలు మిగులుతాయి. కాబట్టి 400 చదరపు మీటర్ల పచ్చిక ఉన్నవాళ్లు కనీసం దానికి రెట్టింపు వైశాల్యం రాసి ఉన్న యంత్రాన్ని చూసుకోవాలనేది నా అభిప్రాయం.

ఇక యంత్రం దారి ఎలా తెలుసుకుంటుందనేది అన్నిటికంటే ముఖ్యమైన విషయం. పాత రకంలో ఆవరణ హద్దు వెంట సన్నని తీగను నేలకు మేకులతో బిగించి గానీ, కొద్ది సెంటీమీటర్ల లోతున పాతి గానీ, దాని రెండు కొసలనూ ఛార్జింగ్ స్టేషన్‌కు కలుపుతారు. ఆ తీగలో పారే స్వల్పమైన సంకేతాన్ని యంత్రం పసిగట్టి, హద్దు దగ్గరకు రాగానే వెనక్కి మళ్లుతుంది. ఈ రకానికి చెట్ల నీడతో పనిలేదు, మేడలతో పనిలేదు. అందుకే దట్టంగా చెట్లున్న ఆవరణలకు ఇది ఇప్పటికీ మంచిదే. అయితే మనవాళ్లు ఏటా కొబ్బరిచెట్లకు పాదులు తవ్వి ఎరువు వేస్తారు. పార వేటు తీగ మీద పడితే యంత్రం మొత్తం ఆగిపోతుంది, తెగిన చోటు వెతకడానికి ఒక రోజంతా పడుతుంది. పందికొక్కులు తిరిగే ఇళ్లలో ఈ బాధ మరీ ఎక్కువ. తీగ పరిచేటప్పుడే ప్రతి పాదు చుట్టూ దాన్ని తిప్పుకొచ్చి, తవ్వే చోటికి అరమీటరు దూరంగా ఉంచితే సగం కష్టం తప్పుతుంది. ఎక్కడెక్కడ తీగ ఉందో ఒక కాగితం మీద గీసి పెట్టుకోవడం కూడా అవసరం.

రెండో రకం ఆర్‌టీకే అనే ఉపగ్రహ పద్ధతి. మన ఫోన్లలోని జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. అంత తేడాతో గడ్డి కోస్తే యంత్రం పూలమొక్కల్లోకి వెళ్లిపోతుంది కనుక, ఒకచోట స్థిరంగా నిలబెట్టిన యాంటెన్నా సాయంతో ఆ తేడాను సరిచేసి, రెండు మూడు సెంటీమీటర్లకు తగ్గిస్తారు. యాంటెన్నాను డాబా మీద బిగిస్తే దానికి ఆకాశం బాగా కనిపిస్తుంది, కానీ నేల మీద తిరిగే యంత్రానికి కూడా ఆకాశం కనిపించాలన్న సంగతిని అమ్మేవాళ్లు చెప్పరు. చెట్లు లేని విశాలమైన ఆవరణకు, ఊరి బయట పొలాల్లో కట్టుకున్న ఇళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. ఎత్తయిన గోడల మధ్య, మామిడి కొమ్మల కింద ఇది పనికిరాదు.

కొత్తగా వచ్చినవి లేజర్ కిరణాలతో చుట్టూ ఉన్న వస్తువుల దూరాన్ని కొలిచే లైడార్ రకం, కెమెరాతో చూసే రకం. లైడార్‌కు గోడలు, చెట్ల మొదళ్లు ఉంటేనే మేలు, వాటిని గుర్తుపెట్టుకునే అది తిరుగుతుంది. మా బావగారి ఆవరణ వంటి చోటికి ఇది గానీ తీగ రకం గానీ ఇచ్చి ఉండాల్సింది. కెమెరా రకానికి వెలుతురు కావాలి, దాని అద్దం మీద మన ఎండాకాలపు దుమ్ము పేరుకోకుండా తరచూ తుడవాలి.

నేల సంగతి కూడా పైపైన వదిలేయకూడదు. కావలి నుంచి సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఇసుక నేలలు వస్తాయి. గడ్డి పలచబడిన చోట చక్రాలు ఇసుకలో గిర్రున తిరిగి గుంట చేస్తాయి, ఇసుక రేణువుల వల్ల బ్లేడ్లు త్వరగా మొద్దుబారుతాయి. ప్రకాశం జిల్లాలో నల్లరేగడి ఉన్న ఊళ్లలో వానాకాలంలో బంక మట్టి చక్రాలకు పట్టి జారిపోతుంది, ఎండాకాలంలో నెర్రెలు విచ్చిన నేలలో ముందు చక్రం ఇరుక్కుంటుంది. ఇటువంటి నేలల్లో పచ్చిక పరిచే ముందే పైన ఎర్రమట్టి తోలించి, రోలర్‌తో చదును చేయించుకోవాలి. యంత్రం కొన్న తర్వాత నేలను సరిచేయడం రెట్టింపు ఖర్చు.

గడ్డి రకం విషయానికొస్తే, మన గరిక జాతి గడ్డి ఈ యంత్రాలకు బాగా కుదురుతుంది. ఎండ తగిలి, నీళ్లు అందితే అది వేగంగా పెరుగుతుంది, రోజూ కొద్దికొద్దిగా కోస్తుంటే పక్కలకు పాకి దట్టమవుతుంది. కోసిన తునకలు మొదళ్లలోనే పడి కుళ్లి, తిరిగి నత్రజనిని ఇస్తాయి. కడియం నర్సరీల నుంచి తెప్పించి పరిచే కొరియన్ గ్రాస్ మాత్రం చాలా నెమ్మదిగా పెరిగి, గుబురు గుబురుగా దిబ్బలు కడుతుంది. ఆ గడ్డి వేసుకున్నవాళ్లకు రోబో అవసరం లేదని నా ఉద్దేశం, నెలకోసారి కత్తెర వేయిస్తే చాలు. మరో మాట, ఈ యంత్రాలు మోకాలెత్తు పెరిగిన గడ్డిని కోయలేవు. అవి గడ్డం గీసుకునే బ్లేడు వంటి చిన్న బ్లేడ్లతో రోజూ కొసలను మాత్రమే కత్తిరిస్తాయి. తుపాను వచ్చి పది రోజులు ఆపేస్తే, ముందు బ్రష్ కట్టర్‌తో కోయించి, ఆ తర్వాతే రోబోను వదలాలి.

తుపాను అన్నాను కనుక మన వానల గురించి చెప్పాలి. మన జిల్లాకు ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. నీళ్లు చిమ్మినా తట్టుకునేలా ఐపీఎక్స్5 వంటి గుర్తు ఉన్న యంత్రాన్నే తీసుకోవాలి. అయితే ఆ గుర్తు మీద చిమ్మే నీళ్లకే గానీ, ఆవరణలో మడమ లోతు నిలిచే నీళ్లకు కాదు. ఛార్జింగ్ స్టేషన్‌ను ఎత్తయిన చోట పెట్టించండి. తీగ రకం వాడేవాళ్లు ఉరుములు మొదలవగానే స్టేషన్ నుంచి కరెంటును, హద్దు తీగను రెండిటినీ విడదీయాలి, ఎందుకంటే పిడుగు దగ్గర్లో పడితే ఆ పొడవాటి తీగ గుండా వచ్చే విద్యుత్తు సర్క్యూట్ బోర్డును కాల్చేస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో లిథియం బ్యాటరీని ఛార్జింగ్ పెట్టడం దాని ఆయుష్షును తగ్గించడమే. సాధారణంగా 45 డిగ్రీలు దాటితే దాన్ని ఛార్జ్ చేయకూడదు, ఎండలో ఉన్న యంత్రం లోపలి వేడి బయటి వేడి కంటే ఎక్కువే ఉంటుంది. స్టేషన్ మీద రేకు కప్పు గానీ, తాటాకు పందిరి గానీ ఉండి తీరాలి.

నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్నది భద్రత విషయంలో. మనం ఆవరణలో చెప్పులు వేసుకుని తిరిగేవాళ్లం కాదు. తెల్లవారుజామున ముగ్గు వేసే ఆడవాళ్లు, పూలు కోసే పెద్దవాళ్లు, పచ్చిక మీద దొర్లాడే పసిపిల్లలు, అందరూ వట్టికాళ్లతోనే ఉంటారు. యంత్రాన్ని పైకెత్తినా, ఒరిగినా బ్లేడ్లు ఆగిపోతాయి, దేనికైనా తగిలితే వెనక్కి మళ్లుతుంది. అయినా పసిపాదం దాని అంచు కిందికి దూరదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఐఈసీ 60335-2-107 అనే అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ప్రత్యేకంగా ఈ యంత్రాల కోసమే ఉంది. యంత్రం దానికి లోబడి తయారైందా అని దుకాణంలో అడగండి, కాగితం చూపించమనండి, చూపించలేకపోతే ఎంత చౌకగా వచ్చినా కొనవద్దు. ఆ కాగితం ఉన్నా సరే, పిల్లలు బయట ఉన్నప్పుడు యంత్రం తిరగకూడదు.

రాత్రిపూట తిప్పకూడదని చెప్పింది మూగజీవుల కోసం. ఐరోపాలో హెడ్జ్‌హాగ్ అనే ముళ్ల జంతువు ప్రమాదం వస్తే పరుగెత్తకుండా ముడుచుకుపోతుంది, దానివల్ల రాత్రిపూట ఈ యంత్రాల కింద పడి గాయపడుతోందని అక్కడి పరిశోధకులు గట్టిగా చెబుతున్నారు. మన దగ్గర వాన పడిన రాత్రి పచ్చిక నిండా కప్పలుంటాయి. దోమలను తిని మనకు మేలు చేసే ఆ ప్రాణులను కోసేసే యంత్రాన్ని మన చేతులతో వదలడం న్యాయం కాదు.

కొన్న తర్వాతి ఖర్చు గురించి క్లుప్తంగా చెబుతాను. బ్లేడ్లు నెలకో, రెండు నెలలకో మార్చాలి. అవి నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ దొరుకుతాయా, లేక ప్రతిసారీ చెన్నై నుంచి తెప్పించుకోవాలా అన్నది కొనే ముందే తేల్చుకోవాలి. బ్యాటరీ ధర, బాగుచేసే మనిషి ఇంటికి వస్తాడా లేదా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. మా బావగారు ఫిర్యాదు చేసినప్పుడు, యంత్రాన్ని పెట్టెలో పెట్టి పంపమని సమాధానం వచ్చింది, ఆ పెట్టె అప్పటికే పారేశారు.

ఇరవై అంకణాల లోపు పచ్చిక ఉన్నవాళ్లు రోబో జోలికి వెళ్లనవసరం లేదు. చేత్తో తోసే రీల్ మోవర్ అరగంటలో ఆ పని చేస్తుంది. పెద్ద ఆవరణ ఉన్నవాళ్లయినా, రోబో వచ్చిందని తోటపనికి వచ్చే మనిషిని మాన్పించకండి. ఈ యంత్రం గోడ వారన జానెడు పైగా గడ్డిని వదిలేస్తుంది, తుంగను గడ్డతో సహా పీకదు, రాలిన కొబ్బరి మట్టలు తీయదు, మామిడి టెంకలు ఏరదు. అవి ఏరకపోతే యంత్రమే తిరగదు. మా ఇంటికి పదిహేనేళ్లుగా వచ్చే పెద్దాయనకు ఏ మూల నీళ్లు నిలుస్తాయో, ఏ చెట్టు కింద గడ్డి బతకదో నాకంటే బాగా తెలుసు. దుకాణం వాళ్లు అడగని ప్రశ్నలన్నిటికీ ఆయన దగ్గర సమాధానాలున్నాయి.

అందుకే పోయిన ఆదివారం ఆయన్ను వెంటబెట్టుకుని అక్కగారింటికి వెళ్లాను. ఇద్దరం టేపు పట్టుకుని కొలిచాం, ముగ్గుపిండితో పాదుల చుట్టూ గీత గీశాం, మధ్యాహ్నం పన్నెండింటికి నీడ ఎంత మేర పడుతోందో గుర్తులు పెట్టాం. చూస్తే పచ్చికలో సగానికి పైగా మామిడి కొమ్మల కిందే ఉంది. చెట్లు కొట్టించే ప్రసక్తే లేదని అక్క ముందే చెప్పేసింది, నేనూ అదే అంటాను. ఎండ పడే తూర్పు దక్షిణ మూల, సుమారు 25 అంకణాలు, ఆ పాత యంత్రానికి హద్దుగా ఫోన్‌లో మళ్లీ గీసి ఇచ్చాం. నాలుగు రోజులుగా పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ మేరకు ఆగకుండా తిరుగుతోందని బావగారు నిన్న ఫోన్ చేసి చెప్పారు. మిగతా భాగాన్ని పెద్దాయన రీల్ మోవర్‌తో కోస్తానన్నారు.