నర్సు కునుక్కి రోస్టర్‌లో చోటేదీ?

నైట్ డ్యూటీలో కుర్చీలోనే కన్ను మూతపడిన నర్సును ఎవరో ఫోన్‌లో ఫొటో తీస్తారు. తెల్లారేసరికి అది పదిమందికీ చేరుతుంది. ఆ తర్వాత మెమో. ఆ వార్డులో ఆ రాత్రి ఎంతమంది రోగులకు ఎందరు నర్సులున్నారని మాత్రం ఎవరూ అడగరు.

తెల్లవారుజామున మూడు, అయిదు గంటల మధ్య శరీర ఉష్ణోగ్రత తగ్గి, చురుకుదనం అడుగంటుతుంది. ఏళ్ల తరబడి నైట్లు చేసినా చాలామందికి ఇది అలవాటు పడదు. ఇంజెక్షన్ డోసు లెక్కగట్టాల్సింది, డ్రిప్ సరిచూడాల్సింది, అలారం మోగితే పరిగెత్తాల్సింది ఆ వేళలోనే. 17 గంటలు మెలకువగా ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని 1997లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. పొద్దున ఆరింటికి లేచి, ఇంటిపనితో పగటి నిద్ర కుదరక డ్యూటీకొచ్చిన నర్సు రాత్రి పదకొండుకే ఆ గీత దాటుతుంది. అప్పటికి డ్యూటీ ఇంకా మొదట్లోనే ఉంటుంది.

విమానయానం ఈ సంగతిని ఎప్పుడో పట్టించుకుంది. దూరప్రయాణపు పైలట్లకు వంతులవారీగా 40 నిమిషాల విరామమిచ్చి నాసా పరీక్షిస్తే, వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, ఆపై మరింత అప్రమత్తంగా పనిచేశారు. జపాన్‌లో 16 గంటల రాత్రి డ్యూటీ చేసే నర్సులకు మధ్యలో పడుకునే వెసులుబాటు ఉంటుంది. అలాంటి డ్యూటీని అనుకరించిన ప్రయోగాలను 2023లో హిరోషిమా విశ్వవిద్యాలయం మళ్లీ పరిశీలించింది. ఒకేసారి రెండు గంటలు పడుకోవడం కన్నా, ముందు 90 నిమిషాలు, తర్వాత 30 నిమిషాలు పడుకుంటే తెల్లవారుజామున మగత తగ్గుతుందని తేలింది.

నర్సు పడుకుంటే రోగి గతేంటని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఎవరికీ చెప్పకుండా ముంచుకొచ్చే నిద్రతోనే అసలు ప్రమాదం. వేళ ముందే నిర్ణయిస్తే, రోగులను మరొకరికి అప్పగించి పడుకోవచ్చు. గాఢనిద్ర నుంచి లేచాక కాసేపు మత్తు వదలదు కాబట్టి, లేవగానే మందుల ట్రాలీ చేతికివ్వకూడదు. దీనికంతా మనుషులు కావాలి. ఒక్క నర్సే ఉన్న వార్డులో కునుకుకు అనుమతి ఇచ్చినా అది కాగితానికే పరిమితం.

అందుకే మెమోలు ఆపి, ముందు రాత్రి షిఫ్టుకు సరిపడా నర్సులను నియమించాలని యాజమాన్యాలను, ప్రభుత్వాలను కోరుతున్నాం. విరామవేళను రోస్టర్‌లోనే రాయాలి. తలుపు వేసుకోగలిగే గది, ఒక మంచం ఇవ్వాలి. డ్యూటీ దిగాక బండి తీసేముందు కాసేపు పడుకోవాలనుకునే వారికీ ఆ గది తెరిచే ఉంచాలి.