ఇంట్లో షాట్‌గన్ ఉంటే ఇంటిల్లిపాదీ నేర్చుకోవాలి

బంగారం కోసం భారతీయుల ఇళ్లను ఎంచుకుని మరీ దోచుకున్న ముఠాల మీద అమెరికాలో ఫెడరల్ కోర్టుల్లో కేసులు నడిచాయి. అలాంటి వార్త వాట్సాప్ గ్రూపులో పడగానే "అన్నా, ఏ షాట్‌గన్ కొనమంటావు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. షాట్‌గన్ అంటే, ఒక్కసారి కాలిస్తే మామూలుగా చాలా గుళ్లు ఒకేసారి వెళ్లే పొడవాటి తుపాకీ. ఆ భయాన్ని నేను తీసిపారేయను. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకునే హక్కును అమెరికా సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో గుర్తించింది కూడా. కానీ ఇంట్లో పెద్దవాళ్లంతా కూర్చుని నేర్చుకోవడానికి సిద్ధపడకపోతే ఆ తుపాకీ గుమ్మం దాటి లోపలికి రాకూడదని నా గట్టి అభిప్రాయం.

ముందు వీసా సంగతి. హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉంటే తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకూ అంతే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. ఒకరికి గ్రీన్‌కార్డు, ఇంకొకరికి వీసా ఉన్న ఇంట్లో సేఫ్ తాళం ఎవరి చేతిలో ఉండాలో కూడా కొనకముందే లాయర్‌ని అడగండి.

షాట్‌గన్ అయితే గురి చూడక్కర్లేదు, అటు తిప్పి కాలిస్తే చాలు అని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. అది తప్పు. ఇంటి రక్షణకు ఎక్కువమంది వాడే డబుల్ ఆట్ బక్‌షాట్ అనే పెద్ద గుళ్ల రకం షెల్‌లో, అంటే షాట్‌గన్ తూటాలో, మామూలుగా ఎనిమిదో తొమ్మిదో గుళ్లు ఉంటాయి. ఒక్కొక్కటి అడ్డంగా కొలిస్తే దాదాపు అంగుళంలో మూడో వంతు. పడకగది దూరంలో అవి పెద్దగా విచ్చుకోవు, దాదాపు ఒకే గుంపుగా వెళ్తాయి. కాబట్టి గురి తప్పితే పూర్తిగా తప్పినట్టే. తప్పిన గుళ్లు ఎక్కడికి వెళ్తాయి? ఇక్కడి ఇళ్లలో లోపలి గోడలంటే కర్ర ఫ్రేముకి రెండు వైపులా కొట్టిన అర అంగుళం డ్రైవాల్, అంటే జిప్సం పలక. బక్‌షాట్ దాన్ని దాటి అవతలి గదిలోకి పోతుంది. మీ మంచం దగ్గర నిలబడి చూడండి, తలుపు వెనకున్న గోడకి అవతల ఎవరు పడుకుంటారో.

తుపాకీ ముందు పిడిని వెనక్కీ ముందుకీ ఆడించి షెల్ ఎక్కించే పంప్ శబ్దం వింటే దొంగ పారిపోతాడన్న మాట కూడా నమ్మకండి. పారిపోతే మంచిదే. పారిపోకపోతే మాత్రం మీరెక్కడున్నారో అతనికి తెలిసిపోతుంది. పంప్ యాక్షన్‌లో అసలు కష్టం వేరే ఉంది. కాల్చిన ప్రతిసారీ ముందు పిడిని పూర్తిగా వెనక్కి లాగి, పూర్తిగా ముందుకి తోయాలి. టెన్షన్‌లో చేయి సగంలో ఆగితే షెల్ ఇరుక్కుంటుంది, లేదా కొత్తది లోపలికి ఎక్కదు. డమ్మీ షెల్స్‌తో ఇంట్లో, అసలువాటితో కాల్పులు సాధన చేసే రేంజ్‌లో పదేపదే చేస్తేనే ఆ అలవాటు చేతికి పడుతుంది.

కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్ని భుజానికి తగిలే దెబ్బ సంగతి కూడా చెప్పాలి. మొదటిసారే లావు గొట్టం ఉండే ట్వెల్వ్ గేజ్ చేతికిస్తే, భుజం నొప్పితో మళ్లీ దాని జోలికి వెళ్లనివాళ్లే ఎక్కువ. భుజానికి ఆనించే బట్ చివరి నుంచి ట్రిగ్గర్ దాకా మామూలుగా 14 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. మన ఆడవాళ్లలో చాలామందికి అది పొడవెక్కువ. పొట్టి బట్ ఉన్న, అంతకన్నా సన్న గొట్టం ట్వంటీ గేజ్ ఇస్తే వాళ్లే బాగా కాలుస్తారు. భర్త తనకు నచ్చింది కొనేసి, భార్యను సర్దుకోమనడం నాకు అస్సలు నచ్చదు. ఆయన ఊళ్లో లేని రాత్రి దాన్ని పట్టుకోవాల్సింది ఆమే కదా.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది చీకట్లో మనిషిని పోల్చుకోలేకపోవడం. ఇండియా నుంచి దిగిన వారంలో నాన్నగారికి జెట్‌లాగ్, రాత్రి రెండింటికి వంటింట్లో మంచినీళ్ల కోసం తడుముకుంటూ ఉంటారు. కాలేజీ పిల్ల చెప్పాపెట్టకుండా అర్ధరాత్రి వచ్చి గరాజ్ తలుపు తీస్తుంది. లైటు వేసి మొహం చూడకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. తుపాకీ పట్టుకుని ఇల్లంతా వెతుక్కుంటూ తిరగడం అంతకన్నా ప్రమాదం. అందరూ ఒక గదిలోకి చేరి, తలుపు వేసుకుని, అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి, లైన్‌లోనే ఉండాలి. పోలీసులు లోపలికి వచ్చేసరికి తుపాకీ కింద పెట్టి ఉండాలి, చేతులు ఖాళీగా కనిపించాలి. వీసా మీద ఉన్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు తుపాకీ ముట్టకుండానే నేర్చుకోగలిగింది ఇదంతా. కారు ఎత్తుకుపోతున్నవాడి వెనక డ్రైవ్‌వేలోకి పరుగెత్తకండి. ఇంట్లోకి చొరబడ్డవాడి విషయంలో ఉన్న రక్షణ వాకిట్లో ఉంటుందన్న నమ్మకం లేదు, ఈ చట్టాలు రాష్ట్రానికో రకం.

తాళం విషయంలో నేను రాజీపడలేను. 2021లో ఈ దేశంలో తుపాకీలకు 48,830 మంది చనిపోయారు. వాళ్లలో 26,328 మందివి ఆత్మహత్యలు. మార్కులు, అడ్మిషన్లు, ఒంటరితనం మధ్య నలిగే టీనేజర్లు మన ఇళ్లలోనూ ఉన్నారు, వాళ్ల బాధ మన దాకా రాదు. తుపాకీ వేళ్లతో వెంటనే తెరుచుకునే సేఫ్‌లో ఉండాలి, కోడ్ పిల్లలకు తెలియకూడదు. ఇంట్లో ఎవరి మనసైనా బాగోలేదనిపిస్తే కొన్నాళ్లు ఇంటి నుంచే తీసేయాలి.

మన సంఘం ఏటా ఆరోగ్య శిబిరాలు, టాక్స్ సెమినార్లు పెడుతోంది. సర్టిఫైడ్ ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక తుపాకీ భద్రతా తరగతి కూడా పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. తూటాలు లేకుండా, మన హాల్లోనే, మొదటి గంట చట్టం, రెండో గంట ఇంటి ప్లాన్, తాళాలు. భార్యాభర్తలు ఇద్దరూ వస్తేనే పేరు నమోదు చేసుకోవాలి. కొనాలని లేనివాళ్లు కూడా రావాలి, మీ పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా అని మొహమాటం లేకుండా ఎలా అడగాలో అక్కడ మాట్లాడుకుందాం.