బీచ్ రోడ్డుకు ఫోర్ బై ఫోర్: ఒక అత్యవసర వివరణ

విశాఖపట్నంలో నాలుగు చక్రాలూ లాగే, వెనక తొట్టి ఉన్న ఫోర్ బై ఫోర్ పికప్ ఎందుకయ్యా అని అడిగేవాళ్లకు ఈ ఊరు అర్థం కాలేదని జాలిపడి ఊరుకోవాలి. ఎంవీపీ కాలనీలో ఇంటి నుంచి రైతుబజారుకు వెళ్లే దారిలో స్పీడ్‌బ్రేకర్లున్నాయి, పైకి లేచిన మ్యాన్‌హోల్ మూతలున్నాయి, ఎదురొచ్చే ఆటోలున్నాయి. వీటన్నిటినీ దాటి రెండు కొత్తిమీర కట్టలు, కిలో వంకాయలు క్షేమంగా ఇల్లు చేరాలంటే లాడర్ చాసిస్ అనే నిచ్చెనలాంటి ఇనుప చట్రం, వెనక కమాన్ కట్టలనే ఇనుప పట్టీల స్ప్రింగులు, వేగం తగ్గించి బలం పెంచే లో రేంజి గేరు ఉన్న బండి తప్ప గత్యంతరం లేదు. పైగా ఏడాదికోసారి అరకు ఉంది, డిసెంబర్లో లంబసింగి ఉంది. ఆ రెండు దారుల్లోనూ ఆర్టీసీ బస్సు వెనక చక్రాలతోనే ఎక్కి దిగుతోందన్నది ఇక్కడ అప్రస్తుతం.

అవసరం తేలింది గనక, పాత బండి కొనేటప్పుడు ఏం చూడాలో చూద్దాం. ముందు కొలతలు. ఇసుజు వీ-క్రాస్ పొడవు 5,295 మిల్లీమీటర్లు, టయోటా హైలక్స్‌ది 5,325. అపార్ట్‌మెంట్లో మనకు రాసిచ్చిన పార్కింగ్ స్లాటు మామూలుగా ఐదు మీటర్లు. మిగిలిన అడుగు అసోసియేషన్ వారి ఉమ్మడి ఆస్తిలోకి చొచ్చుకుపోతుంది. ఆ అడుగు గురించి సెక్రటరీ గారితో జరగబోయే చర్చలను బండి ధరలో ఎవరూ కలపరు, కలపాలి. బండి చూడబోయే ముందు టేపు పట్టుకుని సెల్లారుకు వెళ్లండి. టెయిల్‌గేటు దించే జాగా కూడా లెక్కలో వేసుకోండి.

పాత మార్కెట్లో దొరికే, రెండు వరుసల సీట్లున్న డబుల్ క్యాబ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్కార్పియో గెటవే, టాటా జెనాన్ పాత తరం. గెటవేలో స్కార్పియో ఇంజినే, 2.2 లీటర్ల జెనాన్‌లో సఫారీ ఇంజినే కాబట్టి ఇంజిన్ సామానుకు దిగుల్లేదు. టెయిల్‌గేటో, వెనక అద్దమో పోయినప్పుడు మొదలవుతుంది తిరుగుడు. వీ-క్రాస్ 2016లో మన శ్రీసిటీ ఫ్యాక్టరీ నుంచే వచ్చింది, 2.5 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేరు. 2019లో 1.9 లీటర్ల ఆటోమేటిక్ తోడైంది, 2021లో బీఎస్-6 పొగ నిబంధనలతో పాటు 2.5 సెలవు తీసుకుంది. హైలక్స్ 2022లో ఫార్చ్యూనర్ 2.8 ఇంజిన్‌తో దిగింది. పాతదైనా ధర దిగడం దానికి నామోషీ. బీఎస్-6 బండైతే సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. అది పట్టిన మసిని కాల్చుకోవాలంటే హైవే మీద కాసేపు ఆపకుండా పరిగెత్తాలి. అంటే రైతుబజారుకూ ఇంటికీ మధ్యే తిరిగిన బండి, తక్కువ కిలోమీటర్లు చూపించినా సరే, లోపల మసితో బిగుసుకుని ఉండొచ్చు. ‘తక్కువ తిరిగిందండీ’ అన్నప్పుడు ఎక్కడ తిరిగిందో కూడా అడగాలి.

ఇంకో చిక్కుంది. గెటవే, జెనాన్, బీఎస్-6 వీ-క్రాస్, ఇవన్నీ టూ వీల్ డ్రైవ్‌లోనూ అమ్మారు. పైకి చూస్తే అన్నదమ్ములే. వెనక అంటించే ‘ఫోర్ బై ఫోర్’ స్టిక్కరు ఏ స్టిక్కర్ల కొట్టులోనైనా దొరుకుతుంది, బండికే కాదు బైకుకూ ఇస్తారు. కాబట్టి స్టిక్కరు చదవడం మానేసి కిందికి వంగండి. గేర్‌బాక్సు వెనక, బలాన్ని ముందు వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉండాలి, దాన్నుంచి ముందు ఇరుసు వైపు ప్రొపెల్లర్ షాఫ్టు అనే పొడవాటి ఇనుప కడ్డీ వెళ్లాలి. ఆ షాఫ్టు లేకపోతే మీరు కొనబోయేది స్టిక్కరే.

ఇప్పుడు బ్రోకరు గారి ప్రవేశం. ‘డాక్టరుగారి బండండి. ఒకటే చెయ్యి. ఒక్క పాలి కూడా ఫోర్ వీల్ ఎయ్యనేదు.’ ఈ చివరి మాట విని కొనేవాడి మొహం వెలిగిపోతుంది. మట్టి తొక్కడానికి పుట్టిన బండి మట్టే ఎరగదని చెబితే మురిసిపోయి, అందుకు ఇంకో పాతిక వేలు ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడేది మనవాళ్లే. ఆ మాటే ఈ ఊళ్లో అసలు జబ్బు. ఏళ్ల తరబడి ఫోర్ వీల్ వెయ్యకపోతే దాన్ని మార్చే మోటారు, లోపల గేరును జరిపే కొక్కెం ఉన్నచోటే పట్టేస్తాయి, వైరింగ్ కనెక్టర్లలో పచ్చగా తుప్పు పూస్తుంది, తిరగని సీళ్లు ఎండి ఆయిల్ కారుస్తాయి. నెలకోసారైనా మెత్తటి నేల మీద నాలుగైదు కిలోమీటర్లు వేసి తిప్పిన బండి, అడివిలో తిరిగిందని వెక్కిరించినా, దీనికన్నా ఆరోగ్యంగా ఉంటుంది.

పరీక్ష ఇంటి ముందు తారు మీద కాదు. ఇవన్నీ పార్ట్‌టైమ్, అంటే అవసరమైనప్పుడే ఫోర్ వీల్ వేసే బళ్లు; ముందు, వెనక చక్రాల వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనకవి తక్కువ దూరం తిరగాలి. రెండిటినీ కలిపి బిగించేశాక ఆ తేడా పోవడానికి చక్రం జారాల్సిందే. పొడి తారు మీద జారదు గనక బండి బిగుసుకుని గెంతుతుంది, ఎవరో బ్రేకు పట్టుకున్నట్టు ఉంటుంది, షాఫ్టులూ గేర్లూ ఆ భారం మోస్తాయి. ఆర్‌కే బీచ్ దగ్గర ఆదివారం సాయంత్రం ఫోటోల కోసం ఫోర్ హెచ్, అంటే మామూలు వేగాల ఫోర్ వీల్, వేసి యూటర్న్ కొట్టే భక్తులకు ఈ సంగతి చెప్పకండి, వాళ్ల విశ్వాసం దెబ్బతింటుంది.

మట్టి గ్రౌండో, లేఅవుట్ కోసం చదును చేసిన జాగానో చూసుకోండి. టూ హెచ్‌లో, అంటే వెనక చక్రాలే లాగుతుండగా, నెమ్మదిగా వెళుతూ ఫోర్ హెచ్ వెయ్యాలి. డాష్‌బోర్డు మీద దీపం కాసేపు మిణుకుమని నిలకడగా వెలగాలి. మిణుకుతూనే ఉంటే పని కాలేదని అర్థం. తర్వాత బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్ చేసి, క్లచ్చు తొక్కి ఫోర్ ఎల్, అంటే లో రేంజి ఫోర్ వీల్. ఫస్టు గేరులో యాక్సిలరేటర్ తాకకుండా క్లచ్చు వదిలితే బండి నత్తనడకన సాగుతుంది, ఇంజిన్ మోత మాత్రం పెద్దగా ఉంటుంది. దీపం వెలిగినంత మాత్రాన ముందు చక్రాలు లాగుతున్నాయని కాదు: ఒకరు నడుపుతుంటే ఇంకొకరు పక్కన నిలబడి, వదులు మట్టిలో ముందు చక్రాల్లో కనీసం ఒకటైనా మన్ను చిమ్ముతోందా అని చూడాలి. మళ్లీ టూ హెచ్‌కు రావడం కూడా పరీక్షే. వెళ్లి రానివి చాలానే ఉన్నాయి.

నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు బోడివి అయితే ఫోర్ వీల్ వేసినప్పుడల్లా చుట్టుకొలతల తేడా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. టైరు గోడ మీద చివరి నాలుగంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం.

ఇక ఉప్పు. భీమిలి నుంచి ఫిషింగ్ హార్బర్ దాకా సముద్రం ఈ ఊరికి ఉచితంగా ఇచ్చేది అదే. దానికి పోర్టు వైపు దుమ్ము కలుస్తుంది. మనవాళ్లు బండి పైభాగాన్ని వారానికోసారి షాంపూతో కడుగుతారు, కింద చూడటం అమర్యాద అనుకుంటారు. ‘కింద ఏటుంటాదండీ బాబూ, మన్ను తప్ప’ అంటాడు బ్రోకరు. ఆ మన్ను కిందే ఉంటుంది అంతా. పాత లుంగీ పరుచుకుని, టార్చి, పెద్ద స్క్రూడ్రైవరు పట్టుకుని వెనక చక్రం ముందు నుంచి దూరండి. కమాన్ కట్ట ముందు కొస చాసిస్‌కు తగిలే బ్రాకెట్టు, వెనక కొసన షాకిల్ అనే ఊగే లింకు, పెట్టెలా మూసిన చాసిస్ పట్టీ లోపలివైపు, నీళ్లు పోవడానికి పెట్టిన చిన్న కంతలు, ఈ నాలుగూ చూడాలి. ఆ కంతలు బీచ్ ఇసుకతో పూడిపోతే లోపల తడి ఆరదు, తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. స్క్రూడ్రైవరు పిడితో కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుమైతే కంచు చెంబు మీద కొట్టినట్టు ఖంగుమంటుంది; మోగకుండా బొద్దుగా పలికి, పెచ్చు ఊడి మొహం మీద పడితే అక్కడే లేచి రావచ్చు. పైపైన ఎర్రటి పూత మామూలే, భయం లేదు. పొరలు పొరలుగా ఉబ్బి, గోటితో లాగితే ఊడొచ్చేదే ప్రాణాంతకం.

అన్నిటికన్నా అనుమానించాల్సింది అడుగు అంతా నిగనిగలాడే నల్లటి కోటింగు. ఏళ్లు తిరిగిన బండికి అడుగున మాత్రం నిన్నటి యవ్వనం ఎందుకొచ్చిందో ఆలోచించండి. నట్ల మీద, రబ్బరు బుష్‌ల మీద, సైలెన్సర్ హ్యాంగర్ల మీద కూడా ఆ నలుపు పడి ఉంటే అది రక్షణ కోసం కాదు, రేపటి బేరం కోసం కొట్టింది. వెనక తొట్టిలో ప్లాస్టిక్ లైనరు ఉంటే ఒక మూలన్నా ఎత్తి చూపించమనండి. కింద ఇరుక్కున్న ఇసుక రేకును గీకి, పెయింటు పోయినచోట తుప్పు పట్టి ఉంటుంది. స్టెప్నీ తొట్టి కిందే వేలాడుతుంది. దాన్ని దించమని అడగండి. గొలుసు తుప్పుతో పట్టేసి దిగనని మొరాయిస్తే, అనంతగిరి ఘాట్‌లో పంక్చరైన రాత్రి అది ఎవరి పక్షాన నిలబడుతుందో తెలిసిపోయింది.

నీళ్ల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. చవగ్గా ఆ వైపు నుంచి వచ్చిన బండి అయితే సీటుబెల్టు చివరంటా లాగండి: పైన శుభ్రంగా ఉన్న పట్టీకి లోపలి కొసన బురద గీత ఉంటుంది. సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద వాసన కూడా చూడండి. సముద్రపు నీళ్లలో దింపి వీడియో తీసిన బండైతే డిఫరెన్షియల్ ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటుంది, వెనక డ్రమ్ముల్లో ఇసుక కరకరమంటుంది, హ్యాండ్‌బ్రేకు వదిలినా వదలదు.

ఇంజిన్ గురించి అందరికీ తెలుసు గనక క్లుప్తంగా. మీరు వెళ్లేసరికే స్టార్ట్ చేసి ఉంచితే వద్దనండి. బానెట్ చల్లగా ఉన్నప్పుడే తొలి స్టార్టు చూడాలి. నీలం పొగైతే ఆయిల్ కాలుతోంది, తగ్గని తెల్ల పొగైతే ఇంజెక్టర్లో, హెడ్ గాస్కెట్టో. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసినప్పుడు పొగ ఉఫ్ ఉఫ్ అని ఊదితే రింగులు అరిగాయి. ఆపైన సింహాచలం ఘాట్ ఎక్కించండి. పై గేరులో గట్టిగా తొక్కితే ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చు అయిపోయింది. అప్పన్నకు మొక్కుకున్నా ప్లేటు తిరిగి మందమవదు. ఖాళీ తొట్టితో వెనక భాగం తేలికగా ఉంటుంది గనక వానలో ఆ మలుపుల్లో వెనక చక్రాలు జారతాయని కూడా అప్పుడే తెలుసుకుంటే మంచిది.

బండికి ఉన్న ఆభరణాలకు డబ్బివ్వకండి. బండి ముందు బిగించే బుల్ బార్‌లనే ఇనుప కడ్డీలను తీయించమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అవి ముందు తగిలిన దెబ్బను నేరుగా చాసిస్‌కు చేరవేసి ఎయిర్‌బ్యాగు లెక్క తప్పిస్తాయి. ఎత్తు పెంచే కిట్లు వేసిన బండిలో ముందు యాక్సిల్ రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చక్రం లోపలంతా చిమ్మి ఉండొచ్చు. నైట్రో స్టిక్కర్లు మాత్రం నిరపాయం.

కాగితాలు. ఆర్‌సీలో ప్రైవేటా, గూడ్సా చూడండి. గూడ్స్ అయితే ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. బ్యాంకు పేరుంటే అప్పు తీరిందని చెప్పే ఫారం 35, బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. ఢిల్లీ బండి చవకంటే పదేళ్లు దాటిన డీజిలు మీద అక్కడ ఏళ్ల తరబడి నిషేధపు కత్తి వేలాడింది గనక. అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఫారం 28 ఎన్‌వోసీ తెచ్చినా ఇక్కడ లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాలి. చాసిస్ మీద కొట్టిన నంబరు తడిమి ఆర్‌సీతో పోల్చండి, పక్కన వెల్డింగు గీతలుంటే బేరమే వద్దు. పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 సంతకాలయ్యాక పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్సు మీ పేరుకు మార్చుకోవాలి. పాత ఓనరు నో క్లెయిం బోనస్, అంటే క్లెయిం చెయ్యనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అతనితోనే పోతుంది.

చివరికి ఆటోనగర్‌లో మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఆయిల్ ప్లగ్గులు విప్పించండి. ముందు నింపే ప్లగ్గు, తర్వాతే వదిలే ప్లగ్గు: ఆయిలంతా పోయాక పైది పట్టేసిందని తెలిస్తే బండి అక్కడే కాపురం పెడుతుంది. ప్లగ్గు మాగ్నెట్ మీద బూడిద రంగు మెత్తటి ముద్ద మామూలే, ఇనుప ముక్కలుంటే గేరు పళ్లు. ‘ఆయిల్ మొన్ననే మార్పించాను’ అంటాడు ఓనరు. ఇంజిన్‌ది, గేర్‌బాక్సుది, ట్రాన్స్‌ఫర్ కేసుది, ముందు డిఫరెన్షియల్‌ది, వెనకదాన్ది, ఏ ఆయిల్ అని అడగండి. వీటన్నిటికీ విడివిడిగా ఆయిల్ ఉంటుందా అని ఆయనే మిమ్మల్ని తిరిగి అడుగుతాడు.