పేరు 2007 నాటిది, ఆనవాయితీ 1992 నాటిది

జపాన్‌లో ఏటా జరిగే ప్రో రెజ్లింగ్ (ఫలితాలు ముందే అనుకుని ఆడే కుస్తీ) ప్రదర్శన రెజిల్ కింగ్‌డమ్‌పై వచ్చిన వ్యాసంలో, దాని చరిత్ర 2007తో మొదలైందని వ్యాసకర్త రాయడం సరికాదు. ఆ ఏడాది వచ్చింది పేరు మాత్రమే. న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ సంస్థ ఏటా జనవరి 4న టోక్యో డోమ్‌లో ప్రదర్శన జరిపే ఆనవాయితీ 1992లోనే, అమెరికాకు చెందిన రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూసీడబ్ల్యూ సహకారంతో ప్రారంభమైంది. నాటి ప్రధాన పోటీలో తత్సుమి ఫుజినామిపై రికి చోషు గెలిచాడు.

వ్యాసంలో 1999 నాటి పోటీ ప్రస్తావన లేకపోవడం నాకు పెద్ద లోటుగా తోచింది. ఆ పోటీలో, బార్సిలోనా ఒలింపిక్స్ జూడోలో రజతం సాధించిన నవోయా ఒగావా, ప్రత్యర్థి రెజ్లర్ షిన్యా హషిమోటోపై నిజంగానే విరుచుకుపడ్డాడా, లేక అదీ ముందుగా అనుకున్నదేనా అన్న వాదన (నేను మొదటి పక్షమే) అభిమానుల మధ్య ఇంకా తెగలేదు. 2017లో కజుచికా ఒకాడా, కెన్నీ ఒమెగా 46 నిమిషాలకు పైగా తలపడిన పోటీకి మాత్రం వ్యాసం తగిన చోటే ఇచ్చింది.