పాత గనుల చుట్టూ నడకదారి వేయండి, కానీ ముందు గుంతలు మూయండి

మన తిరుపతిలో ట్రెక్కింగ్ అంటే జలపాతమే. తలకోన, నాగలాపురం, రెండు వానలు పడితే ఇంకేదో కొత్త మడుగు. నీళ్లు లేని కొండకి రమ్మంటే "అక్కడేముందన్నా?" అంటారు. ఏముందో చెబుతాను. పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

కుప్పం దాటి గుడుపల్లె మండలంలోకి పోతే మన కాళ్ల కింద ఉండేది కోలార్ బంగారు గనుల రాతిపట్టీయే. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 80 కిలోమీటర్లు సాగే ఆ పట్టీ కింది కొస చిత్తూరు జిల్లాలోకి వస్తుంది. కేజీఎఫ్ పేరు తెలియనివాళ్లు లేరు. అదే రాతిలో తవ్విన చిగురుగుంట, బిసానత్తం గనులు మన చిత్తూరు జిల్లావే అని మాత్రం మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. భారత్ గోల్డ్ మైన్స్ చేతిలో ఉన్న ఆ గనులు కూడా కేజీఎఫ్ మూతపడిన 2001లోనే ఆగిపోయాయి. మల్లప్పకొండ మీద శివుడి గుడికి పోయేవాళ్లు ఎక్కేది కూడా భూగర్భశాస్త్రవేత్తలు బంగారం కోసం జల్లెడ పట్టిన కొండనే.

ఆ వైపే ఒక పాత తవ్వకాల చోటు చుట్టూ ఒక పూట నడిచాను. ఊరు పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారమే రీల్స్ గుంపు దిగుతుంది, అక్కడ ఇంకా అంత భద్రత లేదు. ఊరి చివర మొదలై మళ్లీ ఊళ్లోకే వచ్చి కలిసే చుట్టుదారి అది. మేకలు, గొర్రెలు తిరిగి తిరిగి పడిన బాట. మొదట నల్లరాయి, దాని మధ్యలో బెత్తెడు వెడల్పున తెల్లటి పలుగురాయి చార. చారను పట్టుకుని పోతే గడ్డపారతో తవ్విన చిన్న గుంతలు. ఇంకాస్త ముందుకు లోతైన బావిలాంటి నోరు. తర్వాత పనికిరాదని పారబోసిన రాళ్ల కుప్ప, కొన్ని రాళ్ల మీద తుప్పు రంగు. రాతిలోని గంధకపు ఖనిజాలకు గాలి, నీరు తగిలితే వచ్చే రంగు అది. ఆ తర్వాత కప్పు పోయిన గోడలు. మనిషి రాయిని ఎలా వెతికాడు, ఎలా తవ్వాడు, ఏం పారేశాడు, ఎక్కడ పడుకున్నాడు అన్నదంతా వరసగా కళ్ల ముందుకొస్తుంది. ఏ మ్యూజియమూ ఇంత బాగా చెప్పలేదు. అందుకే అంటున్నా, ఇది చుట్టుదారిగానే ఉండాలి, పోయిన దారినే తిరిగొచ్చేదిగా కాదు.

ఆ లోతైన నోటి చుట్టూ కంప వేసి ఉంది. ఎండిన తుమ్మకంప, కొబ్బరితాడుతో కట్టి, కదలకుండా పైన రాళ్లు పెట్టారు. పక్కనే గొర్రెలు మేపుకుంటున్న పెద్దాయన్ని అడిగాను.

"ఎవురు ఏసినారు పెద్దాయనా ఈ కంప?"

"నేనే సామీ. గొర్రి పడిపోతే ఎవురు తెచ్చిస్తారు?"

నాకు కోపం వచ్చింది అక్కడే. మూసేసిన గని నోటికి గట్టి కంచె గానీ గోడ గానీ ఉండాలని 1961 నాటి గనుల భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. చట్టం చేయాల్సిన పని ఒక గొర్రెల కాపరి, తన సొంత తాడుతో చేస్తున్నాడు.

పడిపోవడం ఒక్కటే కాదు ప్రమాదం. పాత సొరంగంలో గాలి చచ్చిపోయి ఉంటుంది. ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు వాయువు కిందికి దిగి నిలుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, పది అడుగులు లోపలికి పోయినవాడికి స్పృహ తప్పేదాకా తెలియదు. పైన గట్టిగా కనిపించే నేల కింద చెదపట్టిన కొయ్య దిమ్మెలు ఉండొచ్చు. మొబైల్ టార్చి వేసుకుని లోపలికి దూరుదాం అనే తమ్ముళ్లూ, దయచేసి వద్దు. రాయిని పిండి చేసి పోసిన సన్నమట్టి దిబ్బలు కనిపిస్తే వాటి మీద కూర్చుని అన్నం మూట విప్పొద్దు. బంగారు రాతిలో పాషాణం (ఆర్సెనిక్ అనే విషం) ఉండే ఖనిజం సాధారణం, ఆ దుమ్ము ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

గని మూసేటప్పుడు నేలను ఎలా బాగుచేస్తారో ముందే ప్రణాళిక ఇవ్వాలి, దానికి డబ్బు హామీ కట్టాలి అన్న నిబంధన మన దేశంలో వచ్చింది 2003లో. అంతకుముందే ఆగిపోయిన చోట్లకు ఆ పూచీ లేదు. ఇప్పుడు చిగురుగుంట-బిసానత్తం బ్లాకును వేలంలో కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దక్కించుకుంది. మళ్లీ తవ్వడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ, ఉద్యోగాలు కావాల్సిన ఊళ్లు అవి. నేను అడిగేది ఒక్కటే. కొత్త తవ్వకం లెక్కల్లోనే పాత గుంతల మూత, పాత చోట్ల చుట్టూ నడకదారి కూడా రాయండి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. కేజీఎఫ్‌ను నడిపిన జాన్ టేలర్ కంపెనీ గని పెద్దల్ని తెచ్చుకున్నది ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి. ఆ కార్న్‌వాల్ పాత గనుల ప్రాంతం 2006 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. సముద్రపు గట్టు మీద జనం ఆ గనుల పాత ఇంజను గదుల పక్కనుంచి నడిచిపోతారు. పాత గని నోళ్లకు గబ్బిలాలు వచ్చిపోయేలా సందులున్న ఇనుప జాలీ పెట్టే పద్ధతి కూడా ఉంది. గబ్బిలానికి దారి, మనిషికి అడ్డం. మన దగ్గర వెల్డింగ్ చేసేవాళ్లకు కొదవా?

అంత దూరం ఎందుకు, తిరుమల కొండల్లో ఏటా జరిగే మన తుంబురు తీర్థ ముక్కోటిని చూడండి. అడవిలో ఎంత కష్టమైన దారి! తాళ్లు, నిచ్చెనలు, తాగడానికి నీళ్లు, అన్నం, వైద్య సిబ్బంది, అన్నీ టీటీడీ సమకూరుస్తుంది, వేలమంది పోయి వస్తారు. ప్రమాదమున్న దారిలో జనాన్ని జాగ్రత్తగా నడిపించడం మనవాళ్లకు కొత్త విద్య కాదు.

దారి వేస్తే బోర్డులు కూడా పెట్టండి, బంగారం ఎన్ని టన్నులు అన్నది కాదు వాటి మీద ఉండాల్సింది. కోలార్ గనుల్లో దిగినవాళ్లలో ఉత్తర ఆర్కాడు, చిత్తూరు పల్లెల నుంచి పోయిన పేద దళిత కుటుంబాలు ఎన్నో. మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతుకు దిగి, రాతిదుమ్ము పీల్చి, సిలికోసిస్‌తో దగ్గి దగ్గి పోయినవాళ్లు. వాళ్ల మనవళ్లు ఆ ఊళ్లలోనే ఉన్నారు. దారి చూపించే పని, రోజుకు ఇంత అని కూలి కట్టి, వాళ్లకే ఇవ్వాలి. తిరుపతి నుంచి వ్యాన్లు వేసుకొచ్చే ఏజెన్సీలకు కాదు. మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి ఆ ఊరి ఆడవాళ్ల సంఘమే పెడుతుంది.

ఒక్క షరతు, మూడు గంటలకల్లా అందరూ ఊళ్లోకి వచ్చేయాలి. 1980ల నుంచి కుప్పం, పలమనేరు అడవుల్లో ఏనుగులున్నాయి, కౌండిన్య అభయారణ్యం వచ్చిందే వాటి కోసం. పొద్దుగూకాక ఆ బాట వాటిది.

గుడుపల్లె వైపు సొంతూరు ఉన్నవాళ్లు ఎవరైనా ఈ పోస్టు చదివితే, వచ్చే గ్రామసభలో గుంతల మూత సంగతి అజెండాలో రాయించండి. అర్జీ నేను తెలుగులో రాసిస్తాను. సంతకాలు మీ ఊరివాళ్లవి ఉండాలి.