విమానం ఎక్కినంత మాత్రాన కేసు ఎగిరిపోదు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్ల ఫోన్లలో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. చీటీలు, డిపాజిట్ల పేరుతో ఊరి డబ్బు వసూలు చేసుకుని దుబాయ్ చేరిన ఒక వ్యాపారి గురించినది అది. సారాంశం ఇది: “దేశం దాటినవాణ్ణి ఎవరూ ఏమీ చేయలేరు. ఇంటర్‌పోల్ నోటీసులు కోటీశ్వరుల కేసులకే. వేరే దేశం పాస్‌పోర్టు కొనుక్కుంటే మన చట్టం వాడికి వర్తించదు. బ్యాంకుల అప్పులు ఎగ్గొట్టిన విజయ్ మాల్యానే తేలేకపోయారు, వీణ్ణి తెస్తారా? స్టేషన్ చుట్టూ తిరగడం మాని, బంధువులు ఇస్తామంటున్న రూపాయికి పావలా తీసుకుని రాజీ పత్రం మీద సంతకం పెట్టండి.”

ఆ చివరి వాక్యం కోసమే పై నాలుగూ రాశారని నా నమ్మకం. కూతురి పెళ్లికని కూడబెట్టిన సొమ్ము పోగొట్టుకున్నవాళ్లను ఇలా బెదరగొట్టడం అన్యాయం. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు చెబుతున్నాను.

దేశం దాటితే ఏమీ చేయలేరన్నది మొదటి అబద్ధం. నేరస్థుల అప్పగింతకు మనకు 1962 నుంచే చట్టం ఉంది. దుబాయ్ ఉన్న యూఏఈతో 1999లోనే ఒప్పందం కుదిరింది. హెలికాప్టర్ల కుంభకోణంలో నిందితుడైన క్రిస్టియన్ మిషెల్ బ్రిటన్ పౌరుడు. అతణ్ణి 2018 డిసెంబరులో ఆ దుబాయ్ నుంచే ఢిల్లీకి తీసుకొచ్చారు. అప్పగింత ఒక్కటే దారి కూడా కాదు. పాస్‌పోర్టు చట్టం కింద మన ప్రభుత్వం నిందితుడి పాస్‌పోర్టును నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. అప్పుడు పరాయి దేశంలో అతను చెల్లని కాగితాలతో ఉన్న మనిషి. వాళ్లు తిప్పి పంపేయవచ్చు. 2025 డిసెంబరులో గోవా నైట్‌క్లబ్ అగ్నిప్రమాదం తర్వాత థాయ్‌లాండ్ వెళ్లిపోయిన యజమానులు అలాగే కొద్ది రోజుల్లో వెనక్కి వచ్చారు. గంజాంలోనూ ఇచ్ఛాపురం వైపూ గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లు ఎన్నో. పాస్‌పోర్టు చెల్లకపోతే అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) పొడిగించరని, అకామా లేకపోతే అక్కడ రోజు గడవదని ఆ ఇళ్లవారికి వేరే చెప్పాలా?

దాక్కున్నవాడు కూడా బతకాలి కదా. దొరికేది అక్కడే. పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసం కేసు నిందితుడు, వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీ 2019 మార్చిలో లండన్‌లో ఖాతా తెరవడానికి బ్యాంకుకు వెళ్లి, అక్కడి ఉద్యోగి గుర్తుపట్టడంతో అరెస్టయ్యాడు. ముంబై మాఫియా నాయకుడు ఛోటా రాజన్ రెండు దశాబ్దాలకు పైగా తప్పించుకు తిరిగి, 2015 అక్టోబరులో ఆస్ట్రేలియా నుంచి బాలి వచ్చి విమానాశ్రయంలో చిక్కాడు. రెండు వారాలు తిరక్కుండానే ఢిల్లీ చేరాడు.

ఇక దేశాల పోలీసులను కలిపే సంస్థ ఇంటర్‌పోల్. దానికి అరెస్టులు చేసే సొంత పోలీసులు లేరు. రెడ్ నోటీసు అంటే అంతర్జాతీయ వారంటూ కాదు, “ఈ మనిషి మాకు కావాలి” అని సభ్య దేశాలకు తెలిపే కబురు. అరెస్టు చేయాలా వద్దా అన్నది ఆయా దేశాల చట్టాన్ని బట్టి ఉంటుంది. రెడ్ నోటీసు లేకపోతే పట్టుకోరన్నదీ తప్పే. నీరవ్ మోదీ ఉన్న బ్యాంకు కేసులోనే నిందితుడైన మెహుల్ చోక్సీ మీది రెడ్ నోటీసును ఇంటర్‌పోల్ 2022లో తొలగించింది. అయినా భారత్ నేరుగా పంపిన అప్పగింత అభ్యర్థన మీద బెల్జియం పోలీసులు 2025 ఏప్రిల్‌లో అతణ్ణి అరెస్టు చేశారు. రాష్ట్రాల పోలీసుల అభ్యర్థనలు సీబీఐ ద్వారా త్వరగా విదేశాలకు చేరడానికి 2025 జనవరిలో భారత్‌పోల్ అనే పోర్టల్ కూడా వచ్చింది. కోటీశ్వరుల కేసులకే అని అందులో ఎక్కడా షరతు లేదు.

కొన్న పాస్‌పోర్టు సంగతికీ చోక్సీయే జవాబు. అతను 2017లోనే కరీబియన్ దేశమైన ఆంటిగ్వా పౌరసత్వం తీసుకున్నాడు, అరెస్టు తప్పలేదు. దొంగ పాస్‌పోర్టయితే మరో కేసు నెత్తినపడుతుంది. ముంబై పేలుళ్ల కేసు నేరస్థుడు అబూ సలేం మారుపేరుతో మన కర్నూలు చిరునామా మీద పాస్‌పోర్టు తీసుకున్నాడు. 2002లో లిస్బన్‌లో దొరికి, 2005లో భారత్ వచ్చాక, ఆ పాస్‌పోర్టు కేసులోనే హైదరాబాద్ సీబీఐ కోర్టు 2013లో అతనికి శిక్ష వేసింది.

మాల్యా మాట నిజమే. 2016 మార్చిలో వెళ్లినవాడు ఇంకా రాలేదు. నీరవ్ మోదీ అప్పగింత కూడా ఏళ్ల తరబడి సాగింది. ఈ జాప్యం చూసి కడుపు మండనిదెవరికి? కానీ మనిషి రాకపోతే డబ్బూ రాదనడం తప్పు. మాల్యా ఆస్తుల నుంచి 14,131 కోట్ల రూపాయలు బ్యాంకులకు చేరాయని 2024 డిసెంబరులో ఆర్థిక మంత్రి లోక్‌సభలో చెప్పారు. పరారీలో ఉన్న ఆర్థిక నేరగాళ్ల చట్టం 100 కోట్లు, ఆపైన ఉన్న కేసులకే వర్తిస్తుంది, నిజం. అయితే మన డిపాజిటర్ల కోసం ఒడిశాలో 2011 చట్టం, ఆంధ్రలో 1999 చట్టం ఉన్నాయి. వాటి కింద మోసగాడి ఆస్తులను, వాడు ఇతరుల పేర్ల మీద పెట్టినవాటిని కూడా జప్తు చేసి, ప్రత్యేక కోర్టు ద్వారా బాధితులకు పంచవచ్చు. బంధువులకు రాజీ తొందర ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. పైగా 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, ప్రకటిత నేరస్థుడు (పరారీలో ఉన్నాడని కోర్టు ప్రకటించినవాడు) దొరకకపోయినా తీవ్ర నేరాల్లో విచారణ జరిపి తీర్పు చెప్పవచ్చు.

వీటన్నిటికీ మూలం మన ఊరి స్టేషన్‌లో రాసే ఫిర్యాదు. ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటున్నారు. “అప్పుగా తీసుకున్నాడు, ఇవ్వలేదు” అని రాస్తే అది సివిల్ తగాదా అవుతుంది. బాకీ పడ్డవాణ్ణి ఏ దేశమూ అప్పగించదు. అప్పగింత కావాలంటే ఆ పని రెండు దేశాల్లోనూ నేరం కావాలి, మోసం రెండు చోట్లా నేరమే. కాబట్టి ఏ తేదీన, ఎవరి ఎదుట, ఎంత వడ్డీ ఆశ చూపి, ఏ అబద్ధం చెప్పి డబ్బు తీసుకున్నాడో రాయాలి. స్టేషన్‌లో వాంగ్మూలం ఒడియాలో రాస్తారు. చదవడం రానివాళ్లు పూర్తిగా చదివించుకుని విన్నాకే సంతకం పెట్టండి.

పేరు విషయం ఇంకా ముఖ్యం. మన రసీదులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఒడియా ఎఫ్‌ఐఆర్‌లో మరోలా పడుతుంది. విదేశానికి వెళ్లే అభ్యర్థనలో మనిషిని పక్కాగా గుర్తించే వివరాలు కావాలి. పుట్టినతేదీ, స్పష్టమైన ఫోటో, వాడుతున్న నంబరు, అక్కడ ఉన్న బంధువు పేరు ఎవరికి తెలిస్తే వాళ్లు దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

రాజీ పత్రం ఇంటికి వస్తే అందులో “ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను”, “బాకీ పూర్తిగా ముట్టింది” అన్న వాక్యాలు ఉన్నాయేమో వకీలుకు చూపించండి. అసలు రసీదు, చీటీ పుస్తకం అడిగితే నకలు ఇవ్వండి, అసలువి ఇవ్వకండి.