మోటారు కాలితే ఎవరికి ఫోన్ చేయాలి?

ఊరి నీళ్ల పథకాన్ని ఊరివాళ్లే నడుపుకోవాలి అని మన సంఘం మీటింగుల్లో ఎవరన్నా చప్పట్లు పడతాయి. నేనూ కొట్టాను. కానీ ఆ మాట చాటున ప్రభుత్వాలు మెల్లగా జారుకుంటున్నాయని, మనలాంటి దాతలు అందుకు సాయం పడుతున్నామని ఈ మధ్య గట్టిగా అనిపిస్తోంది.

ఇదేం కొత్త ఆలోచన కాదు. ఐక్యరాజ్యసమితి 1981 నుంచి 1990 దాకా తాగునీటి దశాబ్దం జరిపినప్పుడే, ఊళ్లోనే రిపేరు చేసుకోగలిగే చేతిపంపులు రావాలని పట్టుబట్టారు. మంచిపనే. అరిగిన వాషర్ మార్చడం, లీకు కట్టడం, ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలో తేల్చుకోవడం ఊరివాళ్ల కంటే బాగా ఎవరు చేస్తారు?

మరి మోటారు కాలితే? పథకం నడిపే ఊరి కమిటీ దగ్గరున్న డబ్బు కరెంటు బిల్లుకీ నీళ్లు వదిలే మనిషి జీతానికీ సరిపోతే గొప్ప. బకాయిదారు కనెక్షన్ తీసేద్దామంటే అతను కోశాధికారికి దగ్గరి చుట్టమే అయ్యుంటాడు (మన సంఘంలో చందాలు వసూలు చేసినవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు).

అన్నిటికంటే నాకు భయం వేసేది నీటి నాణ్యత. క్లోరిన్ సంగతి నయం, చిన్న గొట్టంలో నీళ్లు పట్టి బిళ్ల వేస్తే గులాబీ రంగు వస్తుంది, ఊళ్లో ఎవరైనా చూడొచ్చు. ఫ్లోరైడ్ అలా కాదు, రంగూ వాసనా ఉండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అది దాటిందో లేదో ల్యాబే చెప్పాలి. దాటిందని తేలితే ఇంకెక్కడి నుంచో నీళ్లు తేవాలి, అది ఐదారుగురు వాలంటీర్ల వల్ల అయ్యే పనా? పక్క పొలంలో ఇంకా లోతుకి బోరు వేస్తుంటే ఆపే అధికారం కూడా కమిటీకి ఉండదు.

బ్రెజిల్‌లోని సియారా రాష్ట్రంలో 1996లో మొదలైన సిసార్ పద్ధతి నాకు నచ్చింది. రోజువారీ పని ఊరి ఆపరేటరుదే, కానీ ఊరి సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న సమాఖ్య టెక్నీషియన్లు పెద్ద రిపేర్లు చూస్తారు, దాని వెనక రాష్ట్ర నీటి సంస్థ నిలబడుతుంది. పెత్తనం ఊరిదే, ఒంటరితనం మాత్రం లేదు.

కాబట్టి మన తర్వాతి విరాళానికి నాదొక షరతు. పెద్ద రిపేరుకి డబ్బెవరిది, నీటి పరీక్ష ఎవరిది అన్నది ప్రభుత్వ శాఖ ముందే రాసివ్వాలి. శిలాఫలకం మీద మన పేర్ల కింద ఆ శాఖ ఫోన్ నంబరు కూడా చెక్కిద్దాం.